ప్రభుత్వ పనులు - చిన్న గుత్తేదారులు : ఖరగ్‌పూర్ రైల్వే పట్టణం ఆధారంగా ఒక పరిశీలన



ప్రభుత్వం చేయించే పనులలో చిన్న సంస్థలకు, వెనుకబడిన వర్గాల వారి సంస్థలకు, మైనారిటీల సంస్థలకు చోటు ఎలా దొరుకుతుంది అన్నది ఈనాటి మన ప్రసంగాంశం. ఇది అర్థశాస్త్రానికీ, పౌరశాస్త్రానికీ ఉమ్మడి విషయం. రోడ్డు, మురుగుకాలువ, బడి భవనం, రైల్వే క్వార్టర్సు మరమ్మతు వంటివన్నీ ప్రజల సొమ్ముతో జరిగే పనులే. ఆ సొమ్ము ఎవరి చేతుల మీదుగా ఖర్చవుతుందో తెలుసుకోవలసిన అవసరం పౌరులుగా మనకుంది.

విషయాన్ని గాలిలో చెప్పుకోకుండా ఒక ఊరిని ఆధారం చేసుకుందాం. ఆ ఊరు పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్. హౌరా నుంచి రైలు మార్గంలో సుమారు 115 కిలోమీటర్లు. అక్కడి ప్లాట్‌ఫారం పేరు మీరు జనరల్ నాలెడ్జి పుస్తకాలలో చదివే ఉంటారు. 1,072.5 మీటర్ల పొడవుతో చాలాకాలం ప్రపంచంలోనే పెద్దదిగా ఉండి, 2013లో గోరఖ్‌పూర్‌కు, ఆ తరువాత 2023లో హుబ్బళ్ళికి ఆ స్థానాన్ని వదులుకొంది.

ఖరగ్‌పూర్‌ను పెంచింది రైలే. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఇక్కడ జంక్షన్‌నూ, పెద్ద వర్క్‌షాపునూ నెలకొల్పింది. 1955 నుంచి ఇది ఆగ్నేయ రైల్వేలో భాగం. 2003లో తూర్పు కోస్తా రైల్వే పని మొదలుపెట్టేదాకా మన వాల్తేరు డివిజను కూడా అదే ఆగ్నేయ రైల్వేలో ఉండేది. హౌరా - వాల్తేరు దారి వెంబడి ఉత్తరాంధ్ర నుంచి ఎందరో తెలుగువారు పనికోసం ఈ ఊరికి వెళ్ళారు. తరాలు గడిచేసరికి వారిది అక్కడ చెప్పుకోదగిన సమాజమైంది. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు రాష్ట్రంలో అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించడానికి ఖరగ్‌పూర్ తెలుగువారే ముఖ్య కారణం.

తాత తరం అక్కడ కూలిగానో, ఫిట్టరుగానో పనిచేసింది. మనవడి తరంలో ఒకరు ఐ.టి.ఐ. గానీ, డిప్లొమా గానీ చదివి, నలుగురు తాపీమేస్త్రీలను కూడగట్టుకొని, "ఈ క్వార్టర్సు మరమ్మతు పని నేనే టెండరు వేసి చేయిస్తాను" అనుకొంటే దారి ఉందా? మన ప్రశ్న ఇదే. కూలి చేసే చేతికీ, గుత్త పట్టే చేతికీ మధ్య ఉన్న దూరం ఎంత?

ముందుగా చట్టం ఏమి ఇస్తున్నదో చూద్దాం.

కేంద్ర ప్రభుత్వం 2012లో సూక్ష్మ, చిన్న సంస్థల కోసం ప్రభుత్వ కొనుగోళ్ళ విధానాన్ని ప్రకటించింది. అప్పట్లో కేంద్ర మంత్రిత్వ శాఖలు, శాఖలు, ప్రభుత్వరంగ సంస్థలు తమ వార్షిక కొనుగోళ్ళలో 20 శాతం ఇటువంటి సంస్థల నుంచి కొనాలన్నారు. 2018లో దానిని 25 శాతానికి పెంచారు. అందులో 4 శాతం షెడ్యూల్డు కులాలు, తెగల వారి సంస్థలకు, 3 శాతం మహిళల సంస్థలకు. ఉద్యమ్ నమోదు పత్రం ఉన్న అర్హులకు టెండరు పత్రాలు ఉచితం, ధరావతు సొమ్ము కట్టనక్కరలేదు.

ఇందులో ధర విషయంలో ఉన్న వెసులుబాటును ఒక లెక్కతో తెలుసుకోండి. రైల్వేవారు 1,000 వస్తువులు కొనదలచారు. ఒక పెద్ద కంపెనీ ఒక్కొక్కటి 100 రూపాయలకు ఇస్తానని అందరికంటే తక్కువ ధర వేసింది. ఒక చిన్న సంస్థ 112 రూపాయలు వేసింది. మామూలుగా అయితే దానికి ఏమీ దక్కదు. అయితే తక్కువ ధరకు 15 శాతం లోపు, అంటే 115 రూపాయల లోపు, ధర వేసిన చిన్న సంస్థను పిలిచి, "100 రూపాయలకు ఇవ్వగలవా?" అని అడగాలి. ఒప్పుకొంటే ఆ ఆర్డరులో 25 శాతం, అంటే 250 వస్తువులు, దానికి ఇవ్వవచ్చు. గమనించండి, ప్రభుత్వం ఒక్క రూపాయి కూడా ఎక్కువ చెల్లించలేదు. చిన్న సంస్థకు రెండో అవకాశం మాత్రమే ఇచ్చింది.

ఇక్కడే ఒక చిక్కు ఉంది. ఈ విధానం వర్తించేది తయారుచేసిన వస్తువులకూ, అందించే సేవలకూ. కట్టుబడి, మరమ్మతు వంటి పనుల కాంట్రాక్టులు దీని పరిధిలోకి రావు. వర్క్‌షాపుకు రబ్బరు వాషర్లు తయారుచేసి ఇచ్చే యువకుడికి ఈ రక్షణ ఉంది. అదే వర్క్‌షాపు గోడకు సున్నం వేయించే యువకుడికి లేదు. మరొక చిక్కు కూడా ఉంది. 4 శాతం వాటా షెడ్యూల్డు కులాలు, తెగల వారికే. భాషాపరమైన మైనారిటీ అన్న కారణంతో ఖరగ్‌పూర్ తెలుగువారికి ఈ విధానంలో ప్రత్యేక వాటా ఏదీ లేదు. మాతృభాషకు అధికార హోదా రావడం వేరు, టెండరులో మినహాయింపు రావడం వేరు. ఈ రెంటినీ కలిపి చూడరాదు.

మరి రైల్వే పనుల విషయంలో చిన్నవాడికి దారి ఎక్కడుంది?

రైల్వే పనులకు సాధారణ షరతులు అనే గ్రంథం ఉంది. 2022లో దానిని సవరించి ప్రకటించారు. పెద్ద పనులకు టెండరు వేయాలంటే గత ఏడేళ్ళలో అటువంటి పనే చేసి ఉండాలి. ప్రకటించిన విలువలో 60 శాతం విలువైనది ఒకటి, లేదా 40 శాతం విలువైనవి రెండు, లేదా 30 శాతం విలువైనవి మూడు పూర్తిచేసినట్లు చూపాలి. కొత్తవాడు ఇది చూపలేడు. పని చేస్తేనే అనుభవం వస్తుంది, అనుభవం ఉంటేనే పని ఇస్తారు. ఈత వచ్చేదాకా నీళ్ళలో దిగవద్దన్నట్లు ఉంటుంది ఇది.

అయితే అదే గ్రంథంలో ఒక చిన్న ద్వారం ఉంది. 50 లక్షల రూపాయల వరకు విలువ ఉన్న టెండర్లకు ఈ సాంకేతిక, ఆర్థిక అర్హతలు అడగనక్కరలేదు. కొత్తవాడు కాలు పెట్టవలసిన మొదటి మెట్టు ఇదే. కార్మిక సహకార సంఘాలు ధరావతులో సగం కడితే చాలు. కేంద్ర గుర్తింపు పొందిన స్టార్టప్‌లకు ధరావతు నుంచి మినహాయింపు ఉంది. పదిమంది మేస్త్రీలు, రంగులవారు, ప్లంబర్లు కలిసి కార్మిక సహకార సంఘంగా నమోదైతే వారికి దొరికే మేలు చిన్నదేమీ కాదు.

ద్వారం ఉన్నంత మాత్రాన లోపలికి వెళ్ళగలమా? దానికి డబ్బు లెక్క చూడాలి. దయచేసి కాగితం, పెన్ను తీసుకొని నాతోపాటు వేయండి.

పని విలువ 40 లక్షలు అనుకోండి. కోటి రూపాయల వరకు ధరావతు 2 శాతం, అంటే 80,000 రూపాయలు. పని దక్కిన తరువాత పనితీరు హామీగా 5 శాతం, అంటే 2,00,000 రూపాయలు, బ్యాంకు గ్యారంటీగానో, ఫిక్సెడ్ డిపాజిట్‌గానో ఇవ్వాలి. అంగీకార పత్రం వచ్చిన 21 రోజులలోగా ఇది చేయాలి. ఆలస్యమైతే కొంత గడువు ఇచ్చి దానికి వడ్డీ వేస్తారు. ఇవి కాక 5 శాతం సెక్యూరిటీ డిపాజిట్ ఉంటుంది. ముందు కట్టిన 80,000 దానిలో జమ చేసుకొని, మిగిలిన 1,20,000 బిల్లులలో కోస్తారు. మొదటి బిల్లు రాకముందే 2,80,000 రూపాయలు కదలకుండా ఉండిపోయాయి. సిమెంటు, ఇసుక, కూలీలు కలిపి మొదటి బిల్లు వచ్చేలోగా 10 లక్షలు ఖర్చయ్యాయనుకొంటే మొత్తం 12,80,000.

ఈ సొమ్మును నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి తెచ్చాడనుకొందాం. నెలకు వడ్డీ 25,600. పనిమీద లాభం 10 శాతం, అంటే 4 లక్షలు అనుకొంటే, నాలుగు నెలలు ఆలస్యమైతే 1,02,400, లాభంలో నాలుగోవంతు వడ్డీకే పోయింది. ఎనిమిది నెలలైతే 2,04,800, అంటే సగానికి పైగా పోయింది. పని బాగా చేసిన మనిషి కూడా ఇలా అప్పులో పడవచ్చు. పెద్ద కంపెనీకి బ్యాంకులో తక్కువ వడ్డీకి అప్పు దొరుకుతుంది కాబట్టి అదే ఆలస్యం దానిని ఇంతగా బాధించదు. నిబంధన అందరికీ ఒకటే అయినా దాని బరువు అందరి మీదా ఒకేలా పడదు.

2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి చట్టం చిన్న సరఫరాదారులకు 45 రోజుల లోపు డబ్బు చెల్లించాలనీ, ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ ఇవ్వాలనీ చెబుతుంది. పనుల కాంట్రాక్టులకు ఈ రక్షణ వర్తిస్తుందా, లేదా అన్నది మాత్రం న్యాయస్థానాలలో వాదవివాదాలకు దారితీసింది. కాబట్టి చిన్న గుత్తేదారు దీనిమీదే ధీమాగా ఉండరాదు.

ఇతర చోట్ల ఏమి చేశారో ఇప్పుడు చూద్దాం. కర్ణాటక 2017లో తన చట్టాన్ని సవరించి, 50 లక్షల రూపాయల వరకు ఉన్న ప్రభుత్వ నిర్మాణపు పనులలో 24.1 శాతం షెడ్యూల్డు కులాలు, తెగల గుత్తేదారులకు కేటాయించింది. 2023లో ఆ పరిమితిని కోటి రూపాయలకు పెంచింది. ఆంధ్రప్రదేశ్ 2019లో నామినేషన్ పద్ధతిలో ఇచ్చే పనులలో సగం వెనుకబడిన తరగతులు, షెడ్యూల్డు కులాలు, తెగలు, మైనారిటీల వారికి దక్కాలని చట్టం చేసింది. అంటే కొనుగోళ్ళలోనే కాదు, పనులలోనూ వాటా పెట్టవచ్చునని మన దక్షిణాది రాష్ట్రాలు చూపాయి.

అమెరికా అనుభవం మనకు మరో పాఠం చెబుతుంది. 1983 నాటికి వర్జీనియా రాష్ట్రంలోని రిచ్‌మండ్ నగర జనాభాలో సగం నల్లజాతివారు ఉండేవారు. అయితే 1983కు ముందు అయిదేళ్ళలో నగరం నేరుగా ఇచ్చిన నిర్మాణపు కాంట్రాక్టులలో మైనారిటీ సంస్థలకు దక్కింది 0.67 శాతమే. దాంతో నగరపాలక సంస్థ ప్రధాన గుత్తేదారులు తమ కాంట్రాక్టు విలువలో కనీసం 30 శాతం మైనారిటీల సంస్థలకు ఉపగుత్తగా ఇవ్వాలని నియమం పెట్టింది. 1989లో అమెరికా సుప్రీంకోర్టు దానిని కొట్టివేసింది. నగరంలో ఏ వర్గానికి ఎక్కడ, ఎలా అన్యాయం జరిగిందో తగిన ఆధారాలతో చూపలేదనీ, రిచ్‌మండ్‌లో వివక్షకు గురైన ఆధారమే లేని వర్గాలను కూడా జాబితాలో చేర్చారనీ కోర్టు తప్పుపట్టింది. దాని తరువాత అక్కడి నగరాలు, రాష్ట్రాలు ముందు గణాంకాలు సేకరించి, ఆపైన నియమాలు చేయడం మొదలుపెట్టాయి.

ఈ పాఠం ఖరగ్‌పూర్‌కు కూడా పనికివస్తుంది. "మావారికి పనులు రావడం లేదు" అనడం ఫిర్యాదు. "గత మూడేళ్ళలో 50 లక్షల లోపు టెండర్లు ఇన్ని పిలిచారు, ఇంతమంది కొత్తవారు వేశారు, ఇంతమందికి దక్కాయి, బిల్లు రావడానికి సగటున ఇన్ని రోజులు పట్టింది" అనడం ఆధారం. మొదటిది విని వదిలేయవచ్చు, రెండోదానికి జవాబు చెప్పక తప్పదు. రైల్వే టెండర్లు ఐ.ఆర్.ఇ.పి.ఎస్. అనే పోర్టల్‌లో ప్రకటితమవుతాయి. కనిపించని వివరాలను 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు.

వాటాలకు అభ్యంతరాలు లేకపోలేదు. పోటీ తగ్గితే ధర పెరుగుతుందనీ, నాణ్యత పడిపోతుందనీ కొందరంటారు. ఒకరి పేరుతో మరొకరు పని పట్టే బినామీ బెడద ఉందనీ అంటారు. ఇవి కొట్టిపారేయదగినవి కావు. అందుకే సహాయం మెట్టు ఎక్కించేదిగా ఉండాలి. పనిని వీలైన చోట చిన్న భాగాలుగా విడదీసి పిలవడం, కొలతలు పుస్తకంలో వేళకు ఎక్కించడం, బిల్లు గడువులోగా చెల్లించడం, టెండరు వేసే విధానం నేర్పడం వంటివి పోటీని పెంచుతాయే గాని తగ్గించవు. పైగా వీటిలో ఏ ఒక్కటీ కుల, మత, భాషా వివాదానికి తావివ్వదు.

టెండరు వేయదలచిన వారికి మూడు జాగ్రత్తలు చెప్పి ముగిస్తాను. ఒకటి, టెండరు పత్రాన్ని మొదటి పుట నుంచి చివరి పుట వరకు చదవాలి. నిబంధనలు కాలానుగుణంగా మారుతుంటాయి, ఆ టెండరుకు ఆ పత్రమే ప్రమాణం. రెండు, పని దక్కాలన్న ఆత్రంతో అంచనా కంటే బాగా తగ్గించి ధర వేయరాదు. 10 శాతం లాభం ఉన్న పనికి 12 శాతం తగ్గించి వేస్తే చేతి సొమ్ము పెట్టి పని చేసినట్లే. మూడు, వడ్డీనీ ఆలస్యాన్నీ ముందుగానే లెక్కలో చేర్చాలి. డిజిటల్ సంతకం, జి.ఎస్.టి. నమోదు, బ్యాంకు ఖాతా లావాదేవీలు పక్కాగా ఉండాలి. మీ ఇంట్లో ఎవరైనా మేస్త్రీపని చేస్తూ ఉంటే ఈ కాగితాల పని మీరు నేర్చుకొని వారికి తోడుండవచ్చు. చదువుకున్నవారు ఇంటికి చేయగల మేలులో ఇదొకటి.

మీకొక చిన్న అభ్యాసం. మీ ఊరి పంచాయతీలోనో, మున్సిపాలిటీలోనో ఈ మధ్య జరిగిన ఒక పని పేరు, విలువ, ఎంతమంది టెండరు వేశారు, ఎవరికి దక్కింది, బిల్లు ఎప్పుడు వచ్చింది అన్న అయిదు వివరాలు సేకరించి పట్టికగా రాయండి. తరగతిలో ముప్పయిమంది ముప్పయి పనుల వివరాలు తెస్తే మీ మండలంలో ప్రజాధనం ఏ దారిన నడుస్తున్నదో మీకే తెలుస్తుంది. ఖరగ్‌పూర్ పట్టాలు వేసిన చేతులకు ఆ రోజుల్లో లెక్క అడిగే వీలు లేకపోయింది. మీకు ఉంది.