పెరటిలో పడిన వాన
(ఏలూరులో భక్తుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పెరటి తోటను గురించి నాలుగు మాటలు చెప్పవలసిందిగా ధర్మకర్తలు కోరారు. నేను వ్యవసాయ శాస్త్రజ్ఞుడను కాను. ఏలూరు శివారులో ఐదు సెంట్ల స్థలంలో ఇల్లు కట్టుకొని, మిగిలిన నేలలో పర్మాకల్చర్ అనే పద్ధతిని నేర్చుకొంటున్న విశ్రాంత ఉపాధ్యాయుడను.

ఆస్ట్రేలియాకు చెందిన బిల్ మాలిసన్, డేవిడ్ హోమ్‌గ్రెన్ 1978లో వెలువరించిన గ్రంథంతో ఈ పేరు లోకానికి తెలిసింది. శాశ్వతంగా నిలిచే సేద్యమని దాని భావం. తెలుగునాట జహీరాబాద్ మెట్ట పొలాలలో ఇది వేళ్లూనింది. అక్కడివారి చింత నీరు లేకపోవడం. మా పెరటి కష్టం వేరు: వానాకాలంలో నిలిచిపోయే నీరు, వేసవిలో ఉప్పదేలే బోరు.

మా వీధిలో ఇల్లు కట్టే ప్రతివారూ ముందుగా స్థలం మెరక చేస్తారు. తప్పు పట్టలేము, పల్లంలో ఇల్లెవరు కట్టుకొంటారు? కానీ నీరు మాయం కాదు గదా, పక్కవారి పెరటిలో నిలుస్తుంది. వారూ మట్టి తోలిస్తారు. చివరకు వీధికంతటికీ మా ఇల్లే పల్లమైంది. ఆవరణ ఎత్తు చేసి సిమెంటు వేయిద్దామని మా అబ్బాయి పట్టుబట్టాడు. నేను ఒక్క వానాకాలం గడువు అడిగాను.

గునపం పట్టడానికి ముందు చూడమనేదే ఈ విద్యలో తొలి పాఠం. ఆ నాలుగు నెలలూ గొడుగు వేసుకొని, నీరు ఎటు నుండి వస్తున్నది, ఎక్కడ ఆగుతున్నది, ఎంతసేపటికి ఇంకుతున్నది చూశాను. ఇరుగుపొరుగువారు నవ్వుకొనే ఉంటారు.

100 చదరపు మీటర్ల డాబాపై 10 మిల్లీమీటర్ల వాన పడితే 1,000 లీటర్ల తియ్యని నీరు. దానిని గొట్టంతో ఇంటి గోడకు దూరంగా ఒక గుంతకు మళ్లించాను. మా దగ్గర కొద్ది లోతులోనే నీరు తగులుతుంది గనుక గుంతను లోతుగా గాక వెడల్పుగా తవ్వించాను. ఆ మట్టితోనే బోదెలు పోసి కూరమొక్కలు నాటాను. బోదెల నడుమ ఎండుగడ్డి, కొబ్బరి డొక్కలు పరిచాను. మొక్కల వేళ్లు కుళ్లవు. నీరు నెమ్మదిగా ఇంకుతుంది. స్నానాల నీరు అరటి గుంటకు పోతుంది. కాలువల నుండి తెచ్చిన గుర్రపుడెక్కను ఎండబెట్టి చెట్ల మొదళ్లలో వేస్తాను. మురుగు కలిసిన నీటిలో పెరిగేది కనుక ఆకుకూరల దరికి రానివ్వను.

కొబ్బరి కింద అరటి, దాని నీడలో కంద, పసుపు. గోదావరి జిల్లాల కొబ్బరి తోటలలో కోకో, మిరియం పెంచే రైతు పర్మాకల్చర్ అన్న పేరు వినకుండానే ఈ అంతస్తుల సేద్యం చేస్తున్నాడు. మాలిసన్ గారిని చదివిన తరువాతనే నాకు మా తాతగారి తోట అర్థమైంది.

ఇంత చిన్న పెరటికీ కొల్లేటికీ సంబంధమేమని అడుగవచ్చు. తమ్మిలేరు, బుడమేరు తెచ్చే వరదను నిలుపుకొని, ఉప్పుటేరు ద్వారా నెమ్మదిగా సముద్రానికి పంపేది కొల్లేరు. చేపల చెరువుల గట్లు పెరిగినకొద్దీ ఆ నీటికి చోటు తగ్గింది. 1999లో అభయారణ్యమైంది, 2002లో రాంసర్ జాబితాకెక్కింది, 2006లో ప్రభుత్వం చెరువుల గట్లు కొట్టించింది. అప్పుడు బ్రతుకుతెరువు పోయినవారి బాధ చిన్నది కాదు. ఆ వివాదంలోకి నేను పోను. మా వీధిలో జరిగినదే అక్కడ పెద్ద ఎత్తున జరిగిందని మాత్రం చెప్పగలను.

ఇది మూడవ సంవత్సరం. లోగడ రెండు మూడు రోజులు నిలిచే నీరు ఇప్పుడు మరునాటికి ఇంకుతున్నది. బోరు ఉప్పదనం తగ్గలేదు. ఒక్క ఇంటితో తగ్గేదీ కాదు. కారు నిలిపేంత మేర సిమెంటు వేయించాము. మా ఇంటి సంధి అలా కుదిరింది.

ధర్మకర్తలకు ఒక విన్నపం. ఆలయ నిర్మాల్యాన్ని ఎరువు చేసేందుకు నాకూ, మా వీధిలో మరి ఇద్దరికీ అనుమతి ఇప్పించండి. భక్తులు పూలమాలలను నూలు దారంతోగాని అరటినారతోగాని కట్టించి తెస్తే, ప్లాస్టిక్ దారాలు ఏరే పని మాకు తప్పుతుంది.