లిథియం బిళ్ళలు: సీసా మీది అంకెలు, లోపలి సంగతి

(సంఘ వార్షిక సమావేశంలో ఒక ఫార్మసిస్టు చేసిన ప్రసంగ పాఠం)



నేను డాక్టరును కాను. ముప్పయి యేళ్ళకు పైగా మందుల షాపు నడుపుకొంటున్నవాణ్ణి. ఆరోగ్యం మీద నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శి గారు అడిగినప్పుడు షుగరు గురించో బి.పి. గురించో చెబుతాననుకొని ఉంటారు. ఆ రెండూ మీకు నాకన్నా బాగా తెలుసు. అందుకని, ఈమధ్య నా కౌంటరు దగ్గర తరచుగా వినబడుతున్న ఒక పేరును గురించి చెప్పదలచినాను. అది లిథియం.

ఎందుకు చెప్పవలసి వచ్చిందో ముందు చెబుతాను. మా వీధికి దగ్గర్లో ఒక ఇల్లున్నది. పేరు అనవసరం. ఆ ఇంటి అబ్బాయికి ఇరవై రెండో యేట మతి చలించింది. రాత్రుళ్ళు నిద్ర లేదు, చేతిలో డబ్బు నిలవదు, నెల తిరక్కముందే మంచం దిగడు, అన్నం ముట్టడు. పెద్దాసుపత్రిలో చూపించి, లిథియం కార్బొనేటు మొదలుపెట్టినారు. ఆరేళ్ళు మందు వాడినాడు. ఉద్యోగం చేసుకొన్నాడు, పెళ్ళి చేసుకొన్నాడు. అప్పుడు విదేశంలో ఉన్న దగ్గరి బంధువొకరు ఒక సీసా పంపించి, "ఇదీ లిథియమే, కాని సహజమైనది, కిడ్నీలకు దెబ్బ తగలదు, రక్తపరీక్షలు అక్కరలేదు, పాత మందు మానెయ్యండి" అని ఫోనులో చెప్పినారు. ఆ తల్లి నా దగ్గరికి వచ్చి, "భయ్యా, ఇది మంచిదేనా?" అని అడిగింది. అప్పటికే మందు మార్చి నెల దాటిపోయింది.

ఆ సీసా మీద "లిథియం ఓరోటేట్" అని ఉన్నది. దాని సంగతి చెప్పాలంటే కొంచెం వెనక్కి పోవాలి.

లిథియం ఒక లోహం. సోడియానికీ పొటాషియానికీ చుట్టం. 1817లో స్వీడన్‌లో ఆర్‌ఫ్వెడ్‌సన్ అనే ఆయన ఒక రాతిలో దానిని కనుగొన్నారు. గ్రీకు భాషలో రాయిని లిథోస్ అంటారు, పేరు అక్కణ్ణుంచి వచ్చింది. ఈనాడు మీ జేబులోని సెల్‌ఫోను బ్యాటరీలో ఉండేదీ అదే. అమెరికాలో 1929లో వచ్చిన సెవెనప్ పానీయంలో 1948 వరకు లిథియం సిట్రేటు కలిపేవారంటే మీరు నమ్మరు, కాని నిజం. అదే దేశంలో 1940ల చివర్లో, గుండెజబ్బు ఉన్నవారు ఉప్పు తినగూడదు గనుక, ఉప్పుకు బదులు లిథియం క్లోరైడు అమ్మినారు. ఎవరికి ఎంత పడుతుందో కొలత లేదు. కొందరు విషమెక్కి చనిపోయినారు. 1949లో దానిని అంగళ్ళలో నుంచి తీసివేసినారు. విచిత్రమేమంటే, సరిగ్గా ఆ 1949లోనే ఆస్ట్రేలియాలో జాన్ కేడ్ అనే డాక్టరు, ఉన్మాదంతో ఉన్న రోగులకు లిథియం ఇస్తే నెమ్మదించినారని ప్రకటించినారు. తర్వాత డెన్మార్కులో మోగెన్స్ షూ 1954లో పద్ధతిగా పరీక్షించి చూపినారు. అమెరికా ప్రభుత్వం 1970లో అనుమతి ఇచ్చింది. ఒకే పదార్థం, ఒకచోట ప్రాణం తీసింది, ఒకచోట ప్రాణం నిలబెట్టింది. తేడా అంతా మోతాదులోనే యున్నది.

ఇక రూపాల సంగతి. లిథియం ఒంటరిగా బిళ్ళలోకి రాదు. దానికి తోడుగా మరొకటి ఉండాలి. కార్బొనేటు, సిట్రేటు, ఓరోటేటు, ఆస్పార్టేటు, ఇవన్నీ ఆ తోడు పేర్లే. మనం బియ్యం బస్తాను తూచినప్పుడు గోనె బరువు కూడా పడినట్లు, బిళ్ళ మీద రాసిన బరువులో తోడు బరువు కూడా కలిసి ఉంటుంది. కార్బొనేటులో నూటికి సుమారు 19 పాళ్ళు లిథియం. అంటే మన దగ్గర డాక్టరు రాసే 300 మిల్లీగ్రాముల బిళ్ళలో అసలు లిథియం 56 మిల్లీగ్రాములు. ఓరోటేటులో గోనె చాలా బరువు, నూటికి నాలుగు పాళ్ళే లిథియం. 130 మిల్లీగ్రాముల బిళ్ళలో ఉండేది 5 మిల్లీగ్రాములు. ఆస్పార్టేటులో నూటికి అయిదు. సిట్రేటు ద్రవరూపంలో మందుగా కూడా వాడతారు.

ఇప్పుడు ఆ అబ్బాయి లెక్క చూడండి. రోజుకు మూడు కార్బొనేటు బిళ్ళలు, అంటే 169 మిల్లీగ్రాముల లిథియం. దాని బదులు రోజుకొక ఓరోటేటు బిళ్ళ, అంటే 5 మిల్లీగ్రాములు. పాత మోతాదుకు సరితూగాలంటే ముప్పయి నాలుగు బిళ్ళలు మింగాలి! ఇంట్లోవాళ్ళు మందు మార్చినామనుకొన్నారు గాని, నిజానికి మందు మానిపించినారు. ఎవరిని తప్పు పట్టేది? సీసా మీద లిథియం అని రాసే ఉన్నదాయె.

అయితే "ఓరోటేటు మెదడులోకి నేరుగా పోతుంది, అందుకే కొంచెమే చాలు" అని దాన్ని మెచ్చుకొనేవారు అంటారు. ఈ మాటను 1970లలో జర్మనీలో హాన్స్ నీపర్ అనే డాక్టరు ప్రచారంలోకి తెచ్చినారు. ఓరోటిక్ ఆమ్లం కొత్తదేమీ కాదు, ఆవుపాలలో ఉంటుంది, మన శరీరమూ తయారుచేసుకొంటుంది. ఎలుకల మీద పరీక్షించి చూసినారు. 1976లో ఒక పరిశోధనలో రెంటికీ తేడా కనబడలేదు. 1978లో మరొకదానిలో ఓరోటేటు ఇచ్చిన ఎలుకల మెదడులో లిథియం ఎక్కువ కనబడింది. భలే అనుకొన్నారు. 1979లో స్మిత్, షూ కలిసి చూస్తే తేలినదేమంటే, ఓరోటేటు ఎక్కువ మోతాదులో ఇచ్చిన ఎలుకల్లో కిడ్నీలు మందగించినవి. లిథియం బయటకు పోయే దారి కిడ్నీలే గనుక, దారి మూసుకుంటే ఒంట్లో మిగిలేది ఎక్కువే కదా. ఆ తర్వాత చాలా ఏళ్ళు ఈ విషయాన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు.

మళ్ళీ 2025 ఆగస్టులో సంచలనం లేచింది. హార్వర్డు వైద్యకళాశాలలో బ్రూస్ యాంక్నర్ బృందం నేచర్ పత్రికలో ఒక పరిశోధన ప్రచురించింది. మతిమరుపు జబ్బు, అదే అల్జీమర్స్, ఉన్నవారు చనిపోయిన తర్వాత వారి మెదడును పరీక్షిస్తే లిథియం తక్కువగా కనబడింది. ఆ జబ్బులో పేరుకొనే అమిలాయిడ్ గడ్డలు లిథియాన్ని పట్టి ఉంచుతున్నవట. ఆ గడ్డలకు తేలిగ్గా చిక్కని రూపం ఏదని వెతికితే ఓరోటేటు దొరికింది. అతి తక్కువ మోతాదులో ఇస్తే ఎలుకల్లో జ్ఞాపకశక్తి తిరిగి వచ్చింది. కార్బొనేటు అంత పని చేయలేదు. ఇది చాలా మంచి పరిశోధన, నేనూ సంతోషించినాను. మా అమ్మ చివరి నాలుగేళ్ళు నన్ను గుర్తుపట్టలేదు. అటువంటి వార్త చదివితే నా మనసూ ఆశపడుతుంది. కాని అవి ఎలుకలు. ఆ పరిశోధన చూసి మనుషులు ఈ బిళ్ళలు మింగడం మొదలుపెట్టరాదు.

మనుషుల విషయంలో ఏమీ లేదని కాదు. త్రాగే నీళ్ళలో సహజంగా లిథియం ఎక్కువ ఉన్నచోట ఆత్మహత్యలు తక్కువని టెక్సాసులో 1990లో, జపాను ఓయిటాలో 2009లో లెక్కలు తీసినారు. బ్రెజిల్‌లో 2013లో అల్జీమర్స్ రోగులకు రోజుకు 300 మైక్రోగ్రాములు, అంటే మిల్లీగ్రాములో మూడో వంతుకన్న తక్కువ, ఇచ్చి చూస్తే జబ్బు ముదరడం నిలిచినట్లు కనబడింది. అది చిన్న పరీక్ష. నీళ్ళ లెక్కలేమో ఊళ్ళ లెక్కలే గాని మనుషుల లెక్కలు కావు.

"అయిదు మిల్లీగ్రాములే గదా, ఏమవుతుంది?" అని ఒక పెద్దమనిషి నన్ను అడిగినారు. ఆరోగ్యంగా ఉన్న మనిషి ఒక బిళ్ళ మింగితే ఆ పూటకు ఏమీ కాకపోవచ్చు. కాని మీరెంతమంది బి.పి. బిళ్ళలు వాడుతున్నారో నాకు తెలుసు, నేనే గదా అమ్మేది. టెల్మిసార్టాన్, లోసార్టాన్, రామిప్రిల్, నీరుపోసే హైడ్రోక్లోరోథయజైడ్, మోకాళ్ళ నొప్పికి డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఇవన్నీ లిథియాన్ని ఒంట్లో నిలవజేస్తవి. కార్బొనేటు వాడేవారికి రక్తంలో లీటరుకు 0.6 నుంచి 1.0 మిల్లీమోల్ వరకు ఉంచుతారు, 1.5 దాటితే విషలక్షణాలు. చేతులు వణుకుతవి, వాంతులు, నడక తూలుతుంది, మాట ముద్దవుతుంది. మందుకూ విషానికీ మధ్య అంత సన్నని గీత యున్నది. అందుకే రక్తపరీక్ష, థైరాయిడు పరీక్ష, కిడ్నీ పరీక్ష. గర్భిణీ స్త్రీలు డాక్టరు చెప్పనిదే ఏ రూపాన్నీ ముట్టరాదు.

రోజాల సంగతి కూడా చెప్పాలి. ఒంట్లో నీరు తగ్గితే లిథియం పెరుగుతుంది. మన ఎండల్లో ఇది తేలిక విషయం కాదు. పాకిస్తాన్‌లో లిథియం వాడుతూ రంజాన్ ఉపవాసమున్న 62 మందిని పరిశీలించి 2010లో ప్రచురించినారు. వారి రక్తంలో మోతాదు పెద్దగా మారలేదు. అయితే వారిని డాక్టర్లు కనిపెట్టుకొని ఉన్నారు. మీ ఇంట్లో ఎవరైనా లిథియం వాడుతుంటే నెలవంక కనబడక ముందే డాక్టరు దగ్గరికి పోండి. వేళలు ఎలా మార్చాలో ఆయన చెబుతారు. ఎవరికి వారే ఒక పూట మానేసి, ఇఫ్తారు తర్వాత రెండు పూటలదీ కలిపి మింగరాదు.

ఆ అబ్బాయి ఏమైనాడని అడుగుతారు. రెండో నెలలో మళ్ళీ నిద్ర పోయింది. ఆటో అమ్మేస్తానని తమ్ముడితో తగవు పెట్టుకొన్నాడు. రెండు వారాలు ఆసుపత్రిలో ఉండవలసి వచ్చింది. ఇప్పుడు పాత బిళ్ళలే వాడుతున్నాడు, పోయిన నెల రిపోర్టులో 0.7 వచ్చింది. రిపోర్టు పట్టుకొని నా దగ్గరికి వాడే వచ్చినాడు.

ఆ సీసా ఇంకా మా షాపులోనే యున్నది, తల్లి తిరిగి తీసుకోలేదు. మీ ఇళ్ళలో అటువంటి సీసాలుంటే, మీరు రోజూ వాడే మందులు కూడా ఒక సంచిలో వేసుకొని రండి. శుక్రవారం తప్ప ఏ రోజైనా సరే, పదకొండు గంటలకు రద్దీ ఉండదు. లేబులు చదివి, అందులో అసలు లిథియం ఎంతో లెక్క కట్టి కాగితం మీద రాసి ఇస్తాను. ఆ కాగితం మీ డాక్టరుకు చూపించుకోండి. సెలవు.