నడుము ఆపరేషను – నేను నేర్చుకొన్నది
(కోసిగిలో జరిగిన పెన్షనర్ల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠము)



నేను డాక్టరును కాను. తుంగభద్ర దిగువ కాలువ మీద వర్క్ ఇన్‌స్పెక్టరుగా పనిచేసి రిటైరైనవాణ్ణి. వెన్నెముకకు ఆపరేషను చేయించుకొన్నాను గనుక నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు అడిగారు.

నడుము నొప్పి నాకు చాలా ఏండ్లుగా ఉండేది. తర్వాత అది కుడి కాలిలోకి దిగింది. రైల్వే స్టేషను నుండి ఇంటికి వచ్చేలోగా రెండు మూడు చోట్ల కూర్చోవలసి వచ్చేది. ఒకరోజు కాలి చెప్పు ఊడిపోయినా తెలియక అట్లే నడిచాను. వెనుక వస్తున్న పిల్లవాడు తెచ్చి ఇచ్చాడు. అయినా, నడుము కోస్తే ఇక మంచమే గతి అన్న మాట నమ్మి ఎనిమిది నెలలు గడిపాను.

కర్నూలులో స్కాను తీస్తే, నడుములోని నాలుగో పూస ఐదో పూస మీద ముందుకు జారిందనీ, నరాల దారి ఇరుకైందనీ తేలింది. ఆపరేషను హైదరాబాదులో జరిగింది. కొంత ఎముక తొలిచి నరాలకు చోటు చేశారు. రెండు పూసల్లో నాలుగు టైటానియం స్క్రూలు బిగించి రాడ్లతో కలిపారు. తొలిచిన ఎముకనే ముక్కలు చేసి, పూసలు అతుక్కొనేందుకు పెట్టారు.

పూసలు అతికించే పద్ధతి నిన్నటిది కాదు. 1911లో న్యూయార్కులో హిబ్స్, ఆల్బీ అనే ఇద్దరు డాక్టర్లు వేరువేరుగా వెన్నుక్షయ రోగులకు ఈ పని చేశారు. అప్పట్లో నెలల తరబడి పడకే. 1963లో ప్యారిస్‌లో రువా-కమీ అనే సర్జను పూసలోనికి స్క్రూలు బిగించడం మొదలుపెట్టాడు. అట్లాంటి స్క్రూల బలంతోనే నన్ను మరునాడే లేపి నడిపించారు.

నడిచాను గనుక బాగైపోయిందనుకొన్నాను. అదే నా తప్పు. నాలుగో వారంలో ఒకనాడు కుళాయికి నీళ్లు వచ్చాయి. ఇంటామె ఒక్కతే మోస్తోందని నిండు బిందె ఎత్తాను. నడుములో కత్తి దిగినట్లయింది. మళ్లీ ఎక్స్‌రే. అదృష్టం, స్క్రూలు కదలలేదు.

డాక్టరుగారు ఒక్క మాట అడిగారు: "స్లాబులు వేయించిన మనిషివి. కింద గుంజలున్నాయని స్లాబు గట్టిపడిందనుకొంటావా?"

అప్పుడు బుర్రకెక్కింది. స్క్రూలు సెంట్రింగు గుంజలు మాత్రమే. ఎముక అతకడమే స్లాబు. దానికి ఆరు నెలల నుండి ఏడాది పడుతుంది. అతకకపోతే ఎంత మంచి స్క్రూ అయినా ఒకనాటికి వదులు కావచ్చు, విరగవచ్చు.

కాబట్టి డాక్టరు సరేననేవరకు బరువెత్తరాదు, వంగరాదు, నడుము తిప్పరాదు. పక్కకు ఒత్తిగిల్లి, చేతుల ఊతంతో లేవాలి. రోజూ కొంచెం కొంచెం పెంచుతూ నడవాలి. బీడీ, సిగరెట్టు, పొగాకు మానాలి. అవి ఎముకను అతకనీయవు. చక్కెర వ్యాధి అదుపులో ఉండాలి. కుట్ల వద్ద చీము, జ్వరం, పిక్కవాపు కనిపిస్తే వెంటనే చూపించాలి.

నడుము నొప్పి ఉన్న అందరికీ ఆపరేషను అక్కరలేదు. చాలామందికి మందులు, వ్యాయామంతోనే తగ్గుతుంది. కాని కాలు పట్టు తప్పినా, మూత్రం బిగుసుకొన్నా లేక తెలియకుండా పోయినా, కూర్చునే చోట తిమ్మిరెక్కినా ఆ రోజే ఆసుపత్రికి పోవాలి. ఖర్చుకు భయపడి ఆగవద్దు. 2013లో మొదలైన ఉద్యోగుల ఆరోగ్య పథకం పెన్షనర్లకూ ఉంది. ఏ ఆసుపత్రిలో చెల్లుతుందో ముందే విచారించుకోండి.

నా కాలి నొప్పి పోయింది. స్టేషను నుండి ఇంటికి ఆగకుండా నడుస్తున్నాను. కుడి బొటనవేలు మాత్రం నేటికీ పైకి లేవదు. ఎక్కువకాలం నలిగిన నరం పూర్తిగా కోలుకోకపోవచ్చునని డాక్టరు చెప్పారు. ఆ ఎనిమిది నెలల ఆలస్యానికి నేను కడుతున్న వడ్డీ అది. మీరెవ్వరూ కట్టకూడదనే ఇంతసేపు మాట్లాడాను.