ఆడపిల్లకు ఈత లాగు: అస్తరు వేసి ఇంట్లోనే కుట్టే తీరు



ఈ పూట మీతో ఒక చిన్న కుట్టుపని గురించి మాట్లాడదామని వచ్చాను. పని చిన్నదేగానీ, అది తెలియకపోవటంవల్ల ఎందరో ఆడపిల్లలు ఒక పెద్ద విద్యకు దూరమైపోతున్నారు. ఆ విద్య ఈత.

మన చిత్తూరు వైపు బావులకు కొదవలేదు. పల్లెల్లో మగపిల్లలు నడుముకు ఎండిన సొరకాయో, బెండో కట్టుకుని బావిలో దూకి నాలుగు రోజుల్లో ఈత పట్టేసేవారు. ఆడపిల్ల మాత్రం అదే బావి గట్టున బిందె పట్టుకుని నిలబడేది. కాలు జారితే ఆ పిల్లకు దిక్కెవరు? పట్నాల్లో ఈతకొలనులు వచ్చాక మన ఆడపిల్లలకూ అవకాశం దొరికింది. పదేళ్ళ దాకా మనమే వెంట తీసుకుపోయి నేర్పిస్తాం. పదకొండో ఏడు రాగానే మాన్పించేస్తాం. కారణం ఈత కాదు, వేసుకునే బట్ట.

మా పక్కింట్లో సరిగ్గా ఇదే జరిగింది. బజారులో కొన్న కాస్ట్యూము తొడల పైకి వుంది. "తడిస్తే ఒంటికి అతుక్కుపోతుందే, నలుగురిలోకి ఎట్లా పంపేదమ్మా?" అన్నది వాళ్ళ అవ్వ. సరేనని తల్లి పాత నూలు పైజామా తొడిగి పంపింది. అది నీళ్ళు తాగి బరువెక్కి కాళ్ళకు చుట్టుకుంది. "నేనింక పోనమ్మా" అని పిల్ల ఏడుపు. అవ్వ మాటలో తప్పులేదు, పిల్ల ఏడుపులోనూ తప్పులేదు. తప్పంతా గుడ్డది.

ఆరతీ సాహా పేరు మీలో కొందరు వినే వుంటారు. 1952లో హెల్సింకీ ఒలింపిక్స్‌లో మన దేశం తరఫున ఈదినప్పుడు ఆమె వయసు పదకొండేళ్ళు. మనం మాన్పించే వయసు! ఆ అమ్మాయే 1959 సెప్టెంబరు 29న ఇంగ్లీషు కాలువ ఈది, అట్లా ఈదిన మొదటి ఆసియా మహిళ అయింది. మరుసటి యేడు పద్మశ్రీ వచ్చింది. మన పిల్లలంతా సముద్రాలు ఈదనక్కరలేదు. నీళ్ళలో పడితే గట్టుకు చేరుకుంటే చాలు.

మోకాలి దాకా వుండే లాగు ఈతకు పనికిరాదనుకుంటారేమో. 2010 నుంచి అంతర్జాతీయ ఈతకొలను పోటీల నియమాల్లోనే ఆడవాళ్ళ ఈత దుస్తులు మోకాలి దాకా వుండవచ్చు, మోకాలు దాటకూడదు అంతే. మనం కుట్టేది పోటీలకు కాదు, నేర్చుకోవటానికి. అయినా కుట్టేముందు మీ ఊరి ఈతకొలను వాళ్ళ నియమాలు ఒకసారి అడగండి.

ఇక గుడ్డ సంగతి. మన నగరి, పుత్తూరు మరమగ్గాల నూలుగుడ్డ మనకెంత ముద్దైనా ఈ పనికి వద్దు. నూలు నీళ్ళు పీల్చి బరువెక్కుతుంది. నైలాను, లైక్రా కలిసిన సాగే గుడ్డ కావాలి. తిరుపతి గాంధీ రోడ్డు లాంటి బజారులో అడిగేటప్పుడు "నిలువుకూ అడ్డానికీ సాగే నైలాను" అని అడగండి. పదకొండు పన్నెండేళ్ళ పిల్లకు పెద్ద పన్నా గుడ్డ పైకి ముప్పావు మీటరు, అస్తరుకు ముప్పావు మీటరు సరిపోతుంది. అస్తరు పలుచని నైలానే కావాలి, అదీ పైగుడ్డంత సాగాలి. సాగని అస్తరు వేస్తే పిల్ల కాళ్ళు జాడించగానే కుట్లు తెగుతాయి.

అస్తరు ఎందుకు? పొడిగుడ్డలో పోగుల మధ్య గాలి వుంటుంది. వెలుతురు అక్కడ చెదిరి గుడ్డ మందంగా కనిపిస్తుంది. ఆ సందుల్లో నీళ్ళు నిండితే వెలుతురు నేరుగా పోయి లోపలిది కనబడుతుంది. అందుకే తెలుపు, లేతరంగులు వద్దు. కొనేముందు చిన్న ముక్క తడిపి, అరచేతిమీద లాగి పట్టి చూడండి. చెయ్యి కనిపిస్తే ఆ గుడ్డ వద్దు. ముదురు నీలం, మెరూను శ్రేష్ఠం. తడిముక్కను తెల్ల చేతిరుమాలుమీద అదిమి, రంగు దిగుతుందేమో కూడా చూసుకోండి.

కత్తిరింపుకు లెక్కలు కట్టి అవస్థ పడకండి. పిల్లకు బిగువుగా సరిపోయే పాత లెగ్గింగు ఒకటి తీసుకుని, ఒక కాలు రెండోదానిలోకి దూర్చి, కాగితంమీద పరచండి. ముందు సగం గీసుకుని, పక్క మడత మీదుగా తిప్పి వెనక సగం గీయండి. కాలికి ఒకే ముక్క, పక్క కుట్టు వుండదు. వెనక నడుము ముందుకంటే అంగుళమో, అంగుళంన్నరో ఎత్తుండాలి, లేకపోతే వంగినప్పుడు జారుతుంది. కాలు మోకాలికి అంగుళం పైన ఆపండి. కుట్టుకు పావు అంగుళం, కాలి మడతకు అర అంగుళం, నడుము మడతకు ఒక అంగుళం వదలండి. గుడ్డ ఎటు ఎక్కువ సాగుతుందో అటువైపు నడుము చుట్టూ రావాలి. అస్తరుకూ ఇదే కాగితం, ఇదే తీరు.

మిషనుకు మొన గుండ్రంగా వుండే 11వ నంబరు సూది, పాలియెస్టరు దారం వాడండి. నూలుదారం వద్దు. జిగ్‌జాగ్ కుట్టు వుంటే మంచిదే. మీది తిన్నని కుట్టు మాత్రమే వేసే పాత నల్ల మిషనయినా దిగులుపడకండి. సూదికి ముందూ వెనకా రెండు చేతులతో గుడ్డను కాస్త సాగదీసి పట్టి కుట్టండి, పక్కనే రెండో వరస వెయ్యండి. ముందు చిన్న ముక్కమీద కుట్టి లాగి చూడండి. దారం పుటుక్కుమంటే ఇంకొంచెం సాగదీయాలన్నమాట.

ఒక్కొక్క కాలి లోపలి కుట్టు ముందు వేసి, తర్వాత రెండు కాళ్ళనూ నడుమునుంచి నడుముదాకా కలపండి. అస్తరును విడిగా అట్లాగే ఇంకొక లాగుగా కుట్టండి. ఇప్పుడు అసలు కిటుకు. అస్తరును లోపలికి దూర్చేటప్పుడు రెండింటి కుట్టు అంచులూ ఒకదానికొకటి ఎదురెదురుగా, మధ్యలో దాగాలి. అప్పుడు ఒంటికి నున్నని వైపు తగులుతుంది, తొడలు ఒరుసుకోవు. కాళ్ళు కలిసే చోట రెండు పొరల అంచులనూ చేతిసూదితో మూడుచోట్ల పట్టించండి. అస్తరు చుట్టుకోకుండా వుంటుంది.

నడుముకు ముప్పావు అంగుళం ఎలాస్టిక్కు. నడుము 24 అంగుళాలయితే 22 అంగుళాలు, కలపటానికి ఇంకో అర అంగుళం. వలయంగా కుట్టి, నాలుగు భాగాలుగా గుర్తుపెట్టి, నడుము నాలుగు గుర్తులకూ కలిపి లోపలివైపు కుట్టండి. తర్వాత ఒక మడత మడిచి మళ్ళీ కుట్టండి. కాలి అంచులు రెండు పొరలూ కలిపి మడవండి. ఒకవేళ సాగని నైలానుతో వదులు నిక్కరు కుడితే మాత్రం అస్తరు అంచును కాలి దగ్గర పైగుడ్డకు కలపకండి. కలిపితే మధ్యలో నీళ్ళు నిలిచి సంచిలా ఉబ్బుతుంది.

ఈత అయ్యాక వెంటనే మంచినీళ్ళలో జాడించండి. కొలనులో కలిపే క్లోరిను లైక్రాను తినేస్తుంది. వేడినీళ్ళు వద్దు, పిండవద్దు. మన ఎండ సంగతి తెలిసిందేగదా, నీడన ఆరెయ్యండి.

పక్కింటి లాగు నేనూ ఆ తల్లీ కలిసి రెండు మధ్యాహ్నాల్లో కుట్టాం. అవ్వ దాన్ని బకెట్లో ముంచి తీసి, వెలుతురుకు పట్టి తిప్పితిప్పి చూసింది. "ఇదయితే పోనీ" అన్నది. పైన పొడుగుచేతుల నైలాను చొక్కా వేసుకుని ఆ పిల్ల మళ్ళీ ఈతకు పోతోంది. మొదటిరోజు తోడుపోయింది అవ్వే. తిరిగొచ్చి, "మా కాలంలో ఇట్లాంటిది వుండివుంటే నేనూ నేర్చుకునేదాన్నే" అన్నది.

మీ ఇంట్లోనూ ఈత మానేసిన పిల్ల వుందేమో చూడండి. వుంటే, రేపే గుడ్డ కొనండి.

సెలవు.