నెత్తుటిలో మందు పాలు

 

కులసభలో మందుల ప్రస్తావన యేల యని కొందరికి తోచవచ్చును. నేను మనవి చేయబోవు విషయమునకు మన పుట్టువుతోడను, మన మేనరికములతోడను సంబంధము కలదు.

ఊపిరితిత్తులలో ఆస్పర్జిల్లస్ అను బూజు చేరి ప్రాణాపాయము కలిగించినప్పుడు వైద్యులు వోరికోనజోల్ అను మందు నిత్తురు. అమెరికాలో 2002లో దీనికి ఆమోదము లభించినది. ఒకే తూకపు మాత్రను ఇరువురు మ్రింగినను వారి నెత్తుటిలో మందు ఒకే పాటిగా నుండదు. దీనిని మార్చివేయునది ముఖ్యముగా కాలేయమునందలి సి.వై.పి. 2సి19 అను ఎంజైము. దాని జన్యువు తల్లినుండి యొకటి, తండ్రినుండి యొకటి సంక్రమించును. రెండును చెడినవైనచో శరీరము ననుభవించు మందు సగటున నాలుగింతలగును. అట్టివారు శ్వేతజాతీయులలో నూటికి 3 నుండి 5, ఆసియావాసులలో 15 నుండి 20 వరకు నుందురని మందు పత్రములందు వ్రాయబడినది. మేనరికపు దంపతు లిరువురును ఒకే తాతనుండి ఆ లోపమును పొందియుండవచ్చును. వారి బిడ్డకు రెండు ప్రతులును చెడుట కవకాశము హెచ్చు. మేనరికములు మానుడని చెప్పుటకు నేనిట నిలువలేదు. ఆ వాదము వేరు.

మందు హెచ్చినచో కాలేయము చెడును, లేని రూపములు కంటికి గనబడును. ఇంటివారు గాలి సోకినదని భ్రమపడి భూతవైద్యునికై పరుగిడుట కలదు. తగ్గినచో బూజు గెలుచును. క్షయకు వాడు రిఫాంపిసిన్ తోడైనచో ఈ మందు పదింట తొమ్మిది పాళ్లకు మించి మాయమగును. కావున ఆ రెండింటిని కలిపి యీయరాదు. మోతాదును ఒకటిన్నర యింతలు చేసిన నెత్తుటిలో రెండున్నర యింతలగుట మరియొక చిక్కు.

కావున కొలిచి చూడవలయును. చికిత్స యారంభించిన కొలది దినములకు, మరుసటి మాత్రకు ముందుగా రక్తము తీసి, యంత్రమున గిరగిర త్రిప్పి ప్లాస్మాను వేరుచేయుదురు. అసిటోనైట్రైల్ కలిపి మాంసకృత్తులను విరిచి, తేరిన ద్రవమును క్రొమటోగ్రఫీ గొట్టమున నడపి, మాస్ స్పెక్ట్రోమీటరుతో అణువుల బరువును బట్టి లెక్కింతురు. మిల్లీలీటరునకు 1 మొదలు 5.5 మైక్రోగ్రాముల వరకు మేలని పలువురు వైద్యుల మతము.

మందుతోపాటు దాని మార్పు రూపమును గూడ విడిగా కొలుచుట మంచిది. వోరికోనజోల్ మారగా నేర్పడు ఎన్-ఆక్సైడు బూజును దాదాపు ఏమియు చేయజాలదు. ఇట్రాకోనజోల్ నుండి పుట్టు హైడ్రాక్సీ రూపమన్ననో తానును బూజును చంపును. అందుచేతనే సూక్ష్మజీవులపై ప్రయోగించి కొలుచు పాత పద్ధతిలో ఇట్రాకోనజోల్ లెక్క హెచ్చుగా తేలును.

శరీరద్రవములను కొలుచుట తెలుగువారికి క్రొత్త కాదు. భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు ఫిస్కేతో గూడి 1925లో ప్రకటించిన భాస్వరపు కొలత ప్రపంచమెల్ల వ్యాపించినది.

ఈ పరీక్షకు రుసుము పేదల కందునది కాదు. మన సంఘనిధినుండి విద్యార్థి వేతనముల ప్రక్కనే దీనికిని కొంత కేటాయింపవలసినదిగా పోషకులను ప్రార్థించుచున్నాను. రోగి బంధువులు చేయదగినది యొకటి కలదు: కడపటి మాత్ర వేసిన గంటను, రక్తము తీసిన గంటను చీటీపై వ్రాసి యీయుడు. ఆ రెండును లేనిచో యంత్రము చెప్పిన అంకెకు వైద్యుడు అర్థము చెప్పజాలడు.