గోడ మీది స్విచ్
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఇందాక మైకు గుయ్‌మన్నప్పుడు సభంతా నా దిక్కు చూసింది. ఇంజినీర్ని పిలిస్తే ఇదే తిప్పలు, ప్రసంగానికి వచ్చినా రిపేరుకు వచ్చినట్టే చూస్తారు. మన బ్యాచీల నుంచి నాకు వచ్చే ఫోన్లు కూడా అవే. "సౌండ్‌బార్ కొన్నం, చప్పుడు వస్తలేదు." "లైట్లు ఫోన్ మాట వింటలేవు." అందుకే ఈ పది నిమిషాలూ ఆ సంగతులే చెబుతాను.

1977లో హైదరాబాద్ దూరదర్శన్ మొదలయ్యాక మన చాంద్రాయణగుట్ట మిద్దెల మీద యాంటెన్నాలు రామంతాపూర్ దిక్కు చూస్తూ ఉండేవి. గాలికి తిరిగిపోతే ఒకరు మిద్దె ఎక్కాలి, ఒకరు టీవీ ముందు ఉండాలి, మెట్ల దగ్గర ఇంకొకరు నిలబడి మాట అందించాలి. "వచ్చిందా?" "పోయింది! కొంచెం గుట్ట దిక్కు తిప్పు!" నేను తర్వాత నేర్చిన రిపేరు విద్యకు మూలం అదే. ఒకసారికి ఒక్కటే మార్చాలి, మార్చగానే అడగాలి. ఇప్పుడు మనం మూడు వైర్లు ఒకేసారి పీకి, నాలుగు సెట్టింగులు మార్చి, చివరికి రీసెట్ కొడతాం. బాగైనా ఎందుకు బాగైందో తెలియదు.

సౌండ్‌బార్ సంగతి తొందరగా చెప్పేస్తాను. టీవీ వెనక హెచ్‌డీఎంఐ పోర్టులు మూడు నాలుగు ఉంటాయి కానీ, టీవీలోని శబ్దాన్ని వెనక్కి పంపేది ‘ఏఆర్‌సీ’ అని రాసి ఉన్నది మాత్రమే. వైరు అందులో పెట్టండి. సెట్టింగుల్లో సీఈసీ ఆన్ చేయండి. దానికి ఒక్కో కంపెనీ ఒక్కో పేరు పెట్టింది. శాంసంగ్‌లో ఎనీనెట్ ప్లస్, ఎల్‌జీలో సింప్‌లింక్, సోనీలో బ్రావియా సింక్. అప్పటికీ పలకకపోతే ఆడియో అవుట్‌పుట్‌ను పీసీఎంకు మార్చి చూడండి. నా ఫోన్లలో సగం ఇక్కడే తగ్గిపోతాయి.

గుయ్‌మనే చప్పుడు మాత్రం వేరే కథ. ఆంప్లిఫయరు ఒక బోర్డుకు, టీవీ ఇంకో బోర్డుకు, సెట్‌టాప్ బాక్సుకు వీధిలోంచి వచ్చిన కేబుల్. అన్నిటి ఎర్తూ ఒకే స్థాయిలో ఉండదు కాబట్టి ఆ తేడా వల్ల శబ్దపు వైర్లలో సన్నగా కరెంటు పారుతుంది. మనకు వినిపించేది ఆ 50 హెర్ట్జ్ మోత. సెట్‌టాప్ బాక్సు నుంచి కేబుల్ విప్పి చూడండి. మోత ఆగితే దొంగ దొరికినట్టే. కేబుల్‌కు మధ్యలో బిగించే ఐసొలేటర్ కోఠి గుజరాతీ గల్లీలో అడగండి. పరికరాలన్నీ ఒకే బోర్డు నుంచి నడపడం కూడా మంచిదే. కొందరు మిస్త్రీలు మాత్రం ప్లగ్గులో ఎర్తు పిన్ను, అదే పైన ఉండే లావు పిన్ను, తీసేసి "అయిపోయింది సార్" అంటారు. మోత నిజంగానే పోతుంది. రేపు లోపల ఫేజ్ వైరు డబ్బాకు తగిలితే, ముట్టుకున్న మనిషీ పోతాడు. దయచేసి ఆ పని ఎవరినీ చేయనివ్వకండి.

ఇక నా తప్పు. మా అమ్మ ఒక్కతే ఉండే పాతింట్లో నేను ముచ్చటపడి అన్నీ స్మార్ట్ బల్బులు పెట్టాను. అమ్మ అలవాటు కొద్దీ గోడ మీద స్విచ్ ఆపేసేది. కరెంటే లేకపోతే బల్బు ఫోన్‌కు ఎట్లా పలుకుతుంది? అందుకని స్విచ్‌ల మీద టేపు అంటించాను. కరెంటు పోయి వచ్చినప్పుడు అర్ధరాత్రి లైట్లన్నీ వెలుగుతున్నాయని, ఆరి ఉన్నవి ఆరినట్టే ఉండేలా సెట్టింగు మార్చాను. రెండూ తెలివైన పనులే అనుకున్నాను.

ఒక రాత్రి కరెంటు పోయి వచ్చింది. రౌటరు ఇంకా నెట్ అందుకోలేదు. అమ్మ స్పీకరును అడిగింది, అది పలకలేదు. టేపు పీకి స్విచ్ వేసింది, నా సెట్టింగు పుణ్యమా అని బల్బు వెలగలేదు. చీకట్లో బాత్రూముకు పోతూ గడప తట్టుకుని పడింది. మణికట్టు విరిగింది. ఆసుపత్రిలో ఆమె అడిగింది ఒక్కటే: "బిడ్డా, స్విచ్ ఏస్తే లైటు ఎందుకు ఎలగలే?" ముప్పై ఏళ్ల సర్వీసులో ఏ పై అధికారీ నన్ను అట్లాంటి ప్రశ్న అడగలేదు.

ఆ వారమే బల్బులన్నీ తీసి మామూలు ఎల్‌ఈడీలు పెట్టించాను. తెలివి బల్బులో కాకుండా స్విచ్ వెనక ఉండాలి. చిన్న రిలే మాడ్యూల్ బోర్డులో దాగి ఉంటుంది, పాత స్విచ్‌ను దానికి కలుపుతారు. నెట్ ఉన్నా లేకున్నా స్విచ్ వేస్తే లైటు వెలుగుతుంది, ఫోన్ అదనం. దానికి న్యూట్రల్ వైరు కావాలి. ప్లగ్గు సాకెట్ ఉన్న బోర్డులో అది ఉంటుంది, మెట్ల దగ్గర ఉత్త స్విచ్‌లున్న పెట్టెలో చాలాసార్లు ఉండదు. న్యూట్రల్ అక్కర్లేని రకాలు కొంటే ఆపేసిన ఎల్‌ఈడీ కూడా మిణుకుమిణుకుమంటుంది, దయ్యం కాదు, బల్బు గుండా పారే కొద్దిపాటి కరెంటు. గీజరును మాత్రం ఈ చిన్న మాడ్యూళ్లకు తగిలించవద్దు, కాలిపోతాయి. మన పాతిళ్ల మందపు గోడలకు 2.4 గిగాహెర్ట్జ్ వైఫైయే నయం. రౌటరుకు చిన్న యూపీఎస్ పెట్టండి.

అమ్మ ఇప్పటికీ ఫోన్ ముట్టదు. తెల్లారి ఐదింటికి లేచి వంటింటి స్విచ్ వేస్తుంది. అది వేసినట్టు నా ఫోన్‌లో చిన్న గుర్తు పడుతుంది. అది చూశాకే నేను పక్కకు తిరిగి మళ్లీ పడుకుంటాను.

మైకు మళ్లీ గుయ్‌మంటోంది. చూసి వస్తాను.