జీతం కొడుకు ఇస్తాడు, బాధ్యత ఆ తల్లికి

(అరక్కోణంలో కార్మిక కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగం)



మిల్లు మూతపడినా, షిఫ్టులు తగ్గినా మన ఇళ్ళలోని ఆడవాళ్ళు చేతులు ముడుచుకుని కూర్చోరు. అరక్కోణంలో, వేలూరులో, గుడియాత్తంలో వారికి దొరికే పనుల్లో ఒకటి ముసలివాళ్ళను కనిపెట్టుకుని ఉండడం. స్నానం చేయించాలి, అన్నం పెట్టాలి, వేళకు మందులివ్వాలి. ఈ పనికి హాజరు పట్టీ లేదు, సూపర్‌వైజరు లేడు. నాలుగు గోడల మధ్య ఏం జరుగుతుందో చూసే బయటి మనిషి ఆమె ఒక్కతే.

ఆ ఇంట్లో పెద్దావిడను కొడుతుంటే, తిండి తగ్గిస్తుంటే, గదిలో పెట్టి తాళం వేస్తుంటే, తెలియని కాగితాల మీద వేలిముద్ర వేయిస్తుంటే ఆమె ఏం చేయాలి? నోరు విప్పితే పని పోతుంది. దొంగతనం అంటగడతారన్న భయమూ ఉంది. ఆ భయం వట్టిది కాదు. అయినా మనం పనికి ఒప్పుకున్నది ఆ తల్లిని చూసుకుంటామని. జీతం ఎవరి చేతినుంచి వచ్చినా ఆ మాట మారదు. కట్టెయ్యమని చెప్పింది కొడుకే అయినా, కట్టిన చెయ్యి మనదవుతుంది.

చట్టం ఏమంటుందో చూద్దాం. 2007లో వచ్చిన తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం ప్రకారం 60 ఏళ్ళు నిండినవారు పోషణ కోసం ట్రిబ్యునల్‌కు దరఖాస్తు పెట్టుకోవచ్చు. తాము పెట్టుకోలేకపోతే వారు అధికారమిచ్చిన మనిషో, సంస్థో పెట్టవచ్చు. వృద్ధుల సంరక్షణ చేతిలో ఉన్నవారు వారిని వదిలించుకోవాలని ఎక్కడైనా వదిలేస్తే 3 నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. అరక్కోణం, గుడియాత్తం రెండూ రెవెన్యూ డివిజన్లే. ఒక్కటి గుర్తుంచుకోండి: 2019లో జిల్లా విడిపోయాక అరక్కోణం రాణిపేట జిల్లాలో ఉంది, గుడియాత్తం వేలూరు జిల్లాలోనే ఉంది.

చూసినవారు తప్పక ఫిర్యాదు చేయాలని ఆ చట్టంలో లేదు. కానీ 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 357వ సెక్షన్ మనలాంటివారి గురించే. జబ్బువల్లో, బలహీనత వల్లో నిస్సహాయంగా ఉన్న మనిషిని చూసుకుంటానని ఒప్పందం చేసుకుని కావాలని మానేసినా ఇదే శిక్ష. కాబట్టి కోపంతో చెప్పాపెట్టకుండా పని వదిలి రావద్దు. మీరు వచ్చేస్తే ఆ తల్లికి సాక్షి కూడా ఉండదు.

మరి చేయవలసిందేమిటి? ముందు ఆమెతో ఒంటరిగా మాట్లాడండి. "నా కొడుకు జైలుకు పోతాడమ్మా, ఎవరికీ చెప్పకు" అంటుంది. తెలివిలో ఉన్న మనిషి మాటకు విలువివ్వాలి. కానీ ప్రాణం మీదికి వస్తే ఆగకూడదు, 112కు ఫోన్ చేయండి, అంబులెన్సుకు 108. తొందర లేని సంగతైతే వృద్ధుల సహాయ నంబరు 14567 ఉంది, ఉదయం 8 నుంచి రాత్రి 8 వరకు. చూసింది తేదీతో సహా రాసిపెట్టుకోండి. విన్నది వేరుగా రాయండి. ముసలి ఒంటి మీది ప్రతి కమిలిన మచ్చా దెబ్బ కాదు, అడిగి తెలుసుకోండి.

ఇది పరాయి ఇళ్ళ సంగతే అనుకోవద్దు. రాత్రి షిఫ్టు చేసి వచ్చి మంచాన పడ్డ తండ్రి మీద విసుక్కునే మనిషి మనలోనూ ఉన్నాడు. అలసట నిజమే, చెయ్యెత్తడానికి అది కారణం కాదు.

చివరి మాట సంఘానికి. తమిళనాడులో ఇంటి పనివారి సంక్షేమ బోర్డు 2007లోనే ఏర్పడింది. మన అక్కచెల్లెళ్ళను అందులో చేర్పించే పూచీ మనం తీసుకోవాలి. ఫిర్యాదుకు వెళ్ళే రోజున ఆమె వెంట ఇద్దరు సభ్యులు నడవాలి. దానివల్ల పని పోతే ఇంకో పని దొరికేదాకా ఆ ఇంటి పొయ్యి ఆరకుండా చూడాలి. ఈ రెండు పనులూ చేయకుండా ధైర్యంగా ఉండమని ఆమెకు చెప్పే హక్కు మనకు లేదు.

కార్మిక ఐక్యత వర్ధిల్లాలి!